డబ్బాల కాగితం

మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. సకల జనుల సమ్మె జరిగిన ఆ ఏడాది ఆ చదువును ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలియదు. చదువు రాకపోతే ఆ కాగితంలో ఏముందో తెలిసేది కాదు. తెలియకపోతే అంత భయమూ ఉండేది కాదు. నేను అసలే పిరికిదాన్ని. ఇంటి ముందు పోస్టుమాన్ సైకిల్ ఆగినా గుండె గుభిల్లుమంటుంది.

అప్పటికి రెండేళ్లుగా సిరిసిల్లలో కిష్టయ్య సేటు బట్టల కంపెనీలో ఆఫీసు పని చేస్తున్నాను. షెడ్డులో నలభై ఎనిమిది మరమగ్గాలు. మేం వాటిని సాంచాలంటాం. అవి బాగుచేసే మేస్త్రి మా బాపు ఐలయ్య. కోనరావుపేట దిక్కు నుంచి వచ్చిన, కల్లు గీసే గౌండ్ల మనిషి. తాటిచెట్లెక్కడం మాని సాంచాల్లో పడ్డాడు. అక్షరం ముక్క రాదు. సాంచా మీద అరచెయ్యి పెట్టి ఎక్కడ జబ్బో చెప్పేవాడు.

సేటు ఆ ఏడు పెద్ద ఆలోచన చేశాడు. తంగళ్ళపల్లి దగ్గర కొత్త షెడ్డు, అందులో కొత్త రకం సాంచాలు, కోరుట్లలో స్కూలు డ్రెస్సులు కుట్టే యూనిట్, జగిత్యాలలో గోదాము. ఇవన్నీ మొదలయ్యేలోపు కంపెనీని ఒక పద్ధతిలో పెట్టాలని హైదరాబాదు నుంచి ఒక సారును పిలిపించాడు. తెల్లచొక్కా, సన్నగొంతు. ఎవర్నీ గద్దించేవాడు కాదు.

"ఇన్నాళ్లూ మీ కంపెనీ వరసల మీద నడిచింది. మామా, బావా, అన్నా అనుకుంటూ. మూడు ఊళ్లలో పని పెరిగితే అలా నడవదు" అని సేటుకు చెప్పి, నా చేతికి ఒక అట్ట, కాగితాలు ఇచ్చాడు. షెడ్డులో ఉన్న నలభై ముగ్గుర్నీ ఒక్కటే ప్రశ్న అడగాలి. పని ఆగిపోతే ముందు ఎవరికి చెప్తారు?

సాంచాల మోతలో ఒక్కొక్కరి చెవి దగ్గర అరుస్తూ రెండు రోజులు తిరిగాను. అందరిలోకీ పాత కార్మికుడు యోహాను నన్ను వింతగా చూశాడు.

"గిదేం అడుగుడు బిడ్డ? మీ బాపుకు చెప్తం. ఇంకెవలకు చెప్తం?"

పోగు తెగినా, బెల్టు జారినా, ఆఖరికి కరెంటు పోయినా బాపుకే చెప్తామన్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం "ఎవలు దగ్గరుంటే గాల్లకు" అన్నారు. వాళ్ల పేర్ల ఎదుట కూడా నేను బాపు పేరే రాశాను. గొప్పకు పోయాను. నలభై మూడు వరసల్లో నలభై మూడుసార్లు ఐలయ్య. ముత్యాల్లాంటి అక్షరాలు అని సారు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

తర్వాత వారానికే సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. సింగరేణి బొగ్గు ఆగి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మా షెడ్డు వాళ్లు కూడా మద్దతుగా సాంచాలు ఆపేశారు. సేటు ఏమీ అనలేదు. పైగా దీక్షా శిబిరానికి రెండు బస్తాల బియ్యం పంపాడు. ఆఫీసు గది మాత్రం తెరిచి ఉండేది. నేను తంగళ్ళపల్లిలో మా ఇంటి నుంచి మానేరు వంతెన దాటి రోజూ నడిచి వెళ్లేదాన్ని.

సారు కారు నంబరు పలక మీద టీజీ అని కాగితం అంటించుకుని, అద్దానికి జై తెలంగాణ అని రాయించుకుని వచ్చాడు. బల్ల మీద ఒక కాగితం పరిచాడు. చుట్టూ చిన్న చిన్న చుక్కలు, ప్రతి చుక్క నుంచీ ఒక గీత. గీతలన్నీ నడిమధ్య ఒక్క పేరు దగ్గరికి వెళ్తున్నాయి.

"చూడండి సేట్ గారూ. ఈయనకు జ్వరమొస్తే మీ కంపెనీకి జ్వరమొస్తుంది."

"మంచి మనిషి సార్. నమ్మకస్తుడు" అన్నాడు సేటు.

"మంచీ చెడూ సంగతి కాదు. బయట చూస్తున్నారు కదా, ఒక్క పిలుపుకు అంతా ఎలా ఆగిపోయిందో. రేపు మీ షెడ్డు ఆగాలంటే ఈయనొక్కడు చెయ్యెత్తితే చాలు."

సేటు కాగితం వంకే చూస్తూ ఉన్నాడు. అది నేను రాసిచ్చిన లిస్టును చూసి గీసిందే. మా బాపు మంచితనం చూపించాలని రాసినది, అక్కడ మా బాపు మీద నేరంలా పరుచుకుని ఉంది.

సారు రెండో కాగితం తీశాడు. అన్నీ డబ్బాలు గీసి, ఇంగ్లీషులో కంప్యూటరు మీద కొట్టిన కాగితం. బాపు చేసే పనిని నాలుగు ముక్కలు చేశాడు. నాలుగు డబ్బాలు, నలుగురు మనుషులు, పదో తరగతి పాసై ఉండాలి. పేర్లు కూడా పడ్డాయి. మొదటి డబ్బాలో మా షెడ్డు కుర్రాడు, ఐటీఐ చదివిన సతీశ్. కాగితం పై నుంచి కింది దాకా చూశాను. బాపు పేరు ఎక్కడా లేదు.

"సమ్మె రోజుల్లో షెడ్డు ఖాళీయే కదా" అంటున్నాడు సారు. "ఈయన చేత ఆ నలుగురికీ పని నేర్పించేయండి. ఆ తర్వాత చూసుకుందాం."

అప్పుడు సేటు నన్ను చూశాడు.

"స్రవంతీ, గీ గదిల మాట గీ గదిలనే ఉండాలె బిడ్డ. నీ పేరు సుత ఉన్నది కాగితంల, చూసినవా?"

చూశాను. కింది వరసలో ఒక డబ్బాలో నా పేరు, ఆఫీస్ అసిస్టెంట్ అని. సేటు మెల్లగానే అన్నాడు. కోపంగా అన్నా అంత భయపడకపోయేదాన్ని.

ఇంటికొచ్చేసరికి బాపు వాకిట్లో కూర్చుని నవ్వుతున్నాడు. మా అవ్వ, అంటే అమ్మ, చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"ఇన్నవా? సేటు నన్ను పిలిచి పక్కన కూసోవెట్టుకున్నడు. నీ పని నలుగురు పోరగాండ్లకు నేర్పియ్యి ఐలన్నా, కొత్త షెడ్డుకు అక్కరకొస్తరు అన్నడు."

"నీకేమిస్తడట?" అంది అవ్వ. ఆమె పేరు రాములవ్వ, ఊళ్లో ఆమె నోటికి అందరూ జడుస్తారు.

"అడుగుతరా గట్ల? నేర్పినోన్ని ఇడిసిపెడ్తరా ఎవలన్న?"

నేను నీళ్లు తాగడానికని లోపలికి వెళ్లి, బిందె దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

రోజూ మధ్యాహ్నం బాపుకు సద్ది తీసుకుని ఆఫీసు గది నుంచి షెడ్డులోకి వెళ్లేదాన్ని. నలభై ఎనిమిది సాంచాలు మాట్లాడకుండా నిలబడి ఉంటే ఆ షెడ్డే నాకు పరాయిగా అనిపించేది. నడవని సాంచా మీద పని నేర్పడం ఎట్లాగని నేననుకున్నాను. బాపు చక్రాన్ని చేత్తో తిప్పుతూ, సతీశ్ చేత కళ్లు మూయించి, అతని అరచేతిని ఇనుము మీద పెట్టించేవాడు. ఎక్కడ గుంజుతోందో చెప్పమనేవాడు. సతీశ్ చెప్పేవాడు, తప్పయితే బాపు మళ్లీ తిప్పేవాడు. ఇరవై రెండేళ్లుగా బాపు ఎవరికీ చెప్పని కిటుకులు, పనిలో ఎవరూ అడగనివి, అన్నీ చెప్పేస్తున్నాడు. సతీశ్ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు.

"మామా, గిది ఏ బుక్కుల లేదే" అన్నాడు సతీశ్ ఒకరోజు. బాపు ముఖం చూడాలి అప్పుడు. పెళ్లికొడుకు ముఖం.

వాళ్లు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నేను ధైర్యం చేశాను.

"అన్ని ఒక్కపారే చెప్పకు బాపు."

"ఎందుకు?"

"కొంచెం నీ దగ్గర ఉంచుకో."

"నేర్పితే ఒడిసిపోతదా బిడ్డ, గాసునూనెనా?" అని నవ్వాడు. తర్వాత అన్నం కలుపుతూ ఆగి నన్ను చూశాడు. "ఎవలన్న ఏమన్న అన్నరా?"

"లేదు" అన్నాను.

నాకు దొరికిన సందు అదొక్కటే. అబద్ధం చెప్పి నేనే మూసేశాను.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు వంతెన మొదట్లో వంటా వార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు, పెద్ద గంజులు, అందరూ అక్కడే వండుకుని అక్కడే తినడం. బాపు పప్పుకు గంటె తిప్పాడు. సాయంత్రం పోలీసులొచ్చి కనబడినవాళ్ల పేర్లు రాసుకున్నారు. బాపు తన పేరు, తండ్రి పేరు, ఊరు, అడగనివి కూడా కలిపి చెప్పి, తిని పొమ్మని వాళ్లకూ విస్తరి వేశాడు.

మర్నాడు ఆఫీసులో సేటు తల ఎత్తకుండానే అడిగాడు.

"మీ బాపు రోడ్డు మీద గంటె తిప్పుతుండట గదా?"

"అందరు పోయిండ్రు సేటు."

"అందరు పోయిండ్రు. తీస్కపోయిందెవలు?"

బాపును తీసుకుపోయింది యోహాను, యోహానును పిలిచింది శిబిరం వాళ్లు. చెప్తే యోహాను పేరు కూడా సేటు తలకాయలోకి ఎక్కుతుంది. ఊరుకున్నాను. ఊరుకుంటే బాపే తీసుకుపోయినట్టయింది. ఏ మాట ఎటు పోయి ఎవరికి తగులుతుందో తెలియక ఆ నెలంతా నోరు మూసుకుని బతికాను. రాత్రి పడుకుంటే డబ్బాలే కనిపించేవి.

అవ్వ కనిపెట్టింది. "కడుపుల ఏమున్నదో కక్కు. నాలుగు దినాలాయె నీకు కూడు దిగుతలేదు."

చెప్పేశాను. అవ్వ చేతిలోని బీడీ అట్లాగే ఉండిపోయింది. చాలాసేపటికి దారం చుట్టింది.

"మీ బాపుకు చెప్తే రేపే పోయి లొల్లి వెడ్తడు. గాయిన పని పోతది, నీది పోతది. సమ్మెల ఇంట్ల గింజలే లేకపాయె. ఊకో బిడ్డ. సేటు మనసు మారుతదేమో చూద్దాం."

ఊరందరి నోళ్లు మూయించే మా అవ్వ కూడా ఊకొమ్మన్నాక ఇక నాకు దిక్కులేదు. ఇద్దరం భయపడుతూ కూర్చున్నాం. బాపు మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన అంగీ వేసుకుని షెడ్డుకు వెళ్లేవాడు.

దసరా దాటి, సమ్మె సడలి, అక్టోబరు నెలాఖరులో సాంచాలు మళ్లీ తిప్పుదామనుకున్నారు. ఆ పొద్దున సారు ఆ డబ్బాల కాగితాన్ని పెద్దదిగా చేయించి తెచ్చి షెడ్డు గోడకు అంటించాడు. నలభై ముగ్గురూ దాని ముందు గుమిగూడారు. గేటు దగ్గర శిబిరం కుర్రాళ్లు పదిమంది దాకా నిలబడి చూస్తున్నారు.

"ఇంగ్లీషుల ఉన్నది. మాకేమెరుక? చదువు బిడ్డ" అన్నాడు యోహాను.

సేటు నా వైపు తలూపాడు. చదవమని.

పై నుంచి మొదలుపెట్టాను. యజమాని కిష్టయ్య. కింద మేనేజరు, జగిత్యాల గోదాము, కోరుట్ల కుట్టు యూనిట్. ఒక్కో పేరు చదువుతుంటే వాళ్లు తలలూపుతున్నారు. రిపేరు పనులు అని చదివి నాలుగు పేర్లూ చదివాను. సతీశ్ నా భుజం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఐలన్న పేరేది?" అన్నాడు యోహాను.

బాపు నన్నే చూస్తున్నాడు. సేటు కూడా నన్నే చూస్తున్నాడు. లేదు అనే రెండక్షరాల మాట నా నోట్లోకి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్తే ఏం గొడవవుతుందో, గేటు దగ్గరున్న వాళ్లు ఏం చేస్తారో, పోలీసుల దగ్గరున్న పేర్ల కాగితం బయటికొస్తుందేమో, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి.

"ఉన్నది" అన్నాను. లేని చోట వేలు పెట్టి చూపించాను. "గీ నలుగురి మీద. రిపేరి పెద్ద, ఐలయ్య."

చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. సారు ఏదో అనబోతే సేటు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. సతీశ్ కాగితం వంక చూసి, నా వంక చూసి, తల వంచుకున్నాడు. నా లోపల చిన్న ఆశ పుట్టింది. నలభై ముగ్గురి ముందు పడ్డ మాటను సేటు కాదనలేడు కదా అని.

అప్పుడు బాపు చేతులు కట్టుకుని అన్నాడు.

"నాకెందుకు సేటు గీ పెద్దరికం? చదువుకున్న పోరగాండ్లున్నరు. సతీశ్‌కు ఇయ్యుండ్రి."

మా దిక్కు పెద్దరికం ఇస్తే ఎవరూ మొదటిమాటకు పుచ్చుకోరు. పెళ్లిలో ముందు కుర్చీ అయినా, కులంలో పెద్దమనిషి స్థానం అయినా ఒకసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారికి అడిగేవాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. మొదటిసారికే కూర్చుంటే ఆశపోతు అంటారు. వద్దనగానే వదిలేస్తే ఇచ్చినవాడికి మర్యాద తెలియదంటారు. సారుకు ఈ సంగతి తెలియకపోవచ్చు. కిష్టయ్య సేటు సిరిసిల్లలో పుట్టి పెరిగిన మనిషి. ఎన్నో పంచాయితీల్లో పెద్దమనుషుల్ని బతిమాలి కూర్చోబెట్టినవాడు. బాపు పెదాల మీద చిన్న నవ్వుంది. రెండోసారి అడిగితే ఎట్లా కాదనాలో లోపల చూసుకుంటున్నాడని నాకు తెలుసు.

"ఐలన్న తనే వద్దంటుండు" అన్నాడు సేటు గట్టిగా, అందరికీ వినిపించేటట్టు. "పెద్దమనిషి మాట తీసేయొద్దు. సతీశ్, ఇగ నువ్వే చూసుకో. మోటార్లు చాలూ చేయుండ్రి."

"గట్లెట్ల సేటు, ఇంకోపారి అడుగు..." అని యోహాను అంటూనే ఉన్నాడు. సాంచాలు ఒకటొకటిగా లేచాయి. నలభై రోజుల తర్వాత ఆ మోత వినేసరికి అందరూ పరుగున వాళ్ల వాళ్ల చోట్లకు వెళ్లిపోయారు. ఆ మోతలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది?

మధ్యాహ్నం సేటు నన్ను పిలిచాడు. "మంచిగ చదివినవ్ బిడ్డ" అన్నాడు. "గా కాగితం తీసెయ్యి. అందరు విన్నరు గదా, ఇగ గోడకెందుకు?"

నా చేతులతోనే తీశాను. తీస్తుంటే అప్పుడు తెలిసివచ్చింది నేనేం చేశానో. లేదు అని ఉన్నదున్నట్టు చదివి ఉంటే ఆ పొద్దున ఒక్క సాంచా కూడా లేచేది కాదు. పని ఆగితే ఎవరికి చెప్తారంటే మా బాపు పేరు చెప్పినవాళ్లు వాళ్లు. వాళ్ల మాట రాసుకున్నదాన్ని నేను. అయినా వాళ్లను నమ్మలేకపోయాను. నా భయమే నాకు పెద్దగా కనిపించింది. బాపు తన నోటితో తానే వద్దనుకునేటట్టు చేశాను. తనకు తానుగా వదులుకున్నవాడి కోసం ఎవరు కొట్లాడుతారు?

ఎండాకాలం వచ్చేలోగా కొత్త షెడ్డు నడిచింది. పాత సాంచాలు పాత ఇనుము కింద లారీలకెక్కాయి. బాపుకు ఒక శాలువా కప్పి ఇంటికి పంపారు. ఎవరూ ఏమీ అనలేదు. నా డబ్బాలో నేను ఉండిపోయాను. నెలనెలా జీతం తెచ్చి అవ్వ చేతిలో పెట్టేదాన్ని, అవ్వ నా ముఖం చూడకుండా తీసుకునేది.

బాపు మాత్రం కల్లు మండువా దగ్గర, క్షౌరం షాపు దగ్గర, కనబడినవాళ్లకల్లా చెప్పేవాడు. "నాకే ఇచ్చిండ్రు. నేనే వద్దన్న." బాపు ఆ మాట అన్న ప్రతిసారీ నా పానం గిలగిల కొట్టుకునేది. ఆ కాగితం చదవగలిగినవాడు ఇంకొకడున్నాడు. వాడు ఏదో ఒకరోజు నోరు జారుతాడు.

వాడే వచ్చాడు ఒక సాయంత్రం, సతీశ్. బాపు కుర్చీ చూపిస్తే కూర్చోకుండా కిందే కూర్చున్నాడు. నేను పొయ్యి దగ్గర చాయ పెడుతూ చెవులు అటే వేశాను.

"నువ్వు ఇడిసిపెడ్తెనే నాకచ్చింది మామా" అన్నాడు సతీశ్. "నీ పేరే ఉండె కాగితంల. నేను చూసిన గదా."

చాయ పొంగి పొయ్యిలో పడింది. నేను కొంగుతో ముఖం తుడుచుకుని గ్లాసులు తీసుకెళ్లాను. అతను నా వైపు చూడలేదు. తాగి, బాపు కాళ్లకు మొక్కి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇక భయం లేదనుకున్నాను.

సతీశ్ బండి చప్పుడు దూరమయ్యేదాకా బాపు ఖాళీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ ఉన్నాడు.

"బిడ్డా" అన్నాడు. "సేటు ఇంకోపారి అడుగుతడనుకున్న."

"అడిగేటోడే బాపు" అన్నాను. "మోటార్లు చాలూ అయినయ్ గదా."

"అవునవును" అని, గ్లాసు నాకిచ్చాడు.